క్వాంట్ ఫైనాన్స్ పీజీ మొదటి ఏడాది: ఫార్ములా కన్నా ముందు చేత్తో లెక్క

ఇంటర్ ఎంపీసీ నుంచి వచ్చిన మనందరికీ ఒక అలవాటు గట్టిగా పడిపోయి ఉంటుంది, లెక్క చూడగానే అది ఏ ఫార్ములాయో గుర్తుపట్టి నిమిషంలో బిట్ పెట్టేయడం. ఎంసెట్‌కి అది పనికొచ్చింది. చెన్నైలో క్వాంట్ ఫైనాన్స్ పీజీలో చేరాక నన్ను దెబ్బతీసింది కూడా అదే. ఆప్షన్లకి ధర కట్టే బ్లాక్–షోల్స్ ఫార్ములా నాకు కంఠతా వచ్చు. మొదటి సెమిస్టర్ పరీక్షలో మాత్రం "షేరు సగటున ఎంత పెరుగుతుందన్న అంచనా ఈ ఫార్ములాలో ఎందుకు లేదు?" అని అడిగారు, ఆ పేజీ ఖాళీగా వదిలి వచ్చాను. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు మీకు నిజంగా తెలిస్తే సబ్జెక్టులో సగం అందినట్టే. అందుకే అక్కడి నుంచే మొదలుపెడదాం.

కాగితం, పెన్ను తీసుకోండి. ఒక షేరు ఇవాళ 100 రూపాయలు. రేపు 120 అవుతుంది, లేదా 90 అవుతుంది, మూడో దారి లేదు. వడ్డీ సున్నా అనుకోండి. రేపు ఆ షేరుని 100కే కొనే హక్కు, అంటే కాల్ ఆప్షన్, ఇవాళ ఎంతకి అమ్మాలి? పెరిగితే దాని విలువ 20, తగ్గితే సున్నా. మన బుర్ర వెంటనే "పెరిగే ఛాన్స్ ఎంత?" వైపు పోతుంది. దాన్ని కాసేపు ఆపండి. మూడు కాల్స్ అమ్మారనుకుందాం. 180 రూపాయలు అప్పు తీసుకుని, సొంతంగా 20 వేసి, రెండు షేర్లు కొనండి. రేపు 120 అయితే షేర్లు 240, అప్పు తీర్చగా 60 మిగులుతుంది, మూడు కాల్స్‌కి ఇవ్వాల్సింది సరిగ్గా 60. 90 అయితే షేర్లు 180, అప్పుకి సరిపోయింది, కాల్స్‌కి ఇవ్వాల్సింది సున్నా. అంటే మూడు కాల్స్ ఖరీదు 20 రూపాయలు, ఒక్కోటి 6.67.

ఇప్పుడు పెరిగే అవకాశం 80 శాతం అని వాదించే ఫ్రెండ్‌ని పిలవండి. వేళచేరిలో మా రూమ్‌లో ఇదే జరిగింది. గుంటూరు నుంచి వచ్చిన మావాడు బోర్డు దగ్గర నిలబడి, "రేయ్, 80 శాతం పెరుగుతుందని తెలిశాక సగటు 16 కదా, 6.67కి ఎట్లా అమ్ముతావ్?" అన్నాడు. "నువ్వు 16కి కొను, ఇక్కడే అమ్ముతా" అన్నాను. పదహారులో 6.67 పెట్టి పై లెక్క ప్రకారం షేర్లు కొనుక్కుంటే, షేరు ఎటు పోయినా నాకు 9.33 మిగిలిపోతుంది. వాడు రెండు నిమిషాలు బోర్డు వంక చూసి, "అయితే 80 శాతం లెక్కలోకే రాదా?" అన్నాడు. రాదు. ధర అంటే ఆ బాధ్యతని తీర్చే సరుకు ఇవాళ కొనడానికి అయ్యే ఖర్చు, అంతే. 1979లో కాక్స్, రాస్, రూబిన్‌స్టీన్ ఇచ్చిన బైనామియల్ మోడల్‌లో ఇది ఒక్క మెట్టు. మీరు మూడు మెట్ల చెట్టు గీసి, ప్రతి కొమ్మ దగ్గర ఎన్ని షేర్లు ఉంచాలో చేత్తో వేయండి. ఒక ఆదివారం పడుతుంది. ఆ తర్వాత రిస్క్ న్యూట్రల్ మెజర్ (ధర కట్టడానికి అసలు అవకాశాల బదులు వాడే అవకాశాలు), గిర్సనోవ్ సిద్ధాంతం (ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చే దారి) వచ్చినప్పుడు ఇవి ఎక్కడివో మీకు తెలుస్తుంది.

అసలు షేరు సగటు పెరుగుదలని డేటాలోంచి పట్టుకోవడమే ఎంత కష్టమో కూడా లెక్కేసి చూడండి. ఏడాది వోలటిలిటీ, అంటే రాబడి ఊగిసలాట, 20 శాతం అనుకుంటే, 25 ఏళ్ల డేటా ఉన్నా సగటు రాబడి అంచనాలో స్టాండర్డ్ ఎర్రర్ (మామూలుగా ఉండే లోపం) 20ని 25 వర్గమూలమైన 5తో భాగిస్తే వచ్చే 4 శాతం. మీకు 12 అని వస్తే నిజం 4 కావచ్చు, 20 కావచ్చు. రోజువారీ డేటా బదులు నిమిషాల డేటా తీసుకున్నా ఇది తగ్గదు, కావాల్సింది ఇంకా ఎక్కువ ఏళ్లు. ఏ పక్షపాతమూ లేని అంచనాకైనా లోపం ఒక హద్దు కింద దిగదని 1945లో చూపించింది మన సి.ఆర్. రావు గారు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివిన మనిషి. క్రామర్–రావు హద్దు మీ స్టాటిస్టిక్స్ పేపర్లో వస్తుంది, దాన్ని ఈ లెక్కతో కలిపి చదవండి.

తర్వాతిది ఇటో కాలిక్యులస్, అంటే యాదృచ్ఛికంగా ఊగే దారుల మీద చేసే కాలిక్యులస్, అందరికీ టెన్షన్ పెట్టేది. దీనికీ ముందు కాగితమే. ఒక ఏడాదిని 100 ముక్కలు చేయండి. ప్రతి ముక్కలో నాణెం ఎగరేసి బొమ్మ పడితే 0.1 పైకి, బొరుసు పడితే 0.1 కిందికి నడవండి. అడుగుల పొడవులన్నీ కలిపితే 10. ప్రతి అడుగునీ వర్గం చేసి కలిపితే 1. ఇప్పుడు ముక్కలు 10,000 చేసి, అడుగు 0.01 చేయండి. పొడవుల మొత్తం 100 అయింది, వర్గాల మొత్తం మళ్లీ 1. ముక్కలు సన్నబడేకొద్దీ దారి పొడవు అంతు లేకుండా పెరుగుతుంది, వర్గాల మొత్తం మాత్రం కదలదు. మామూలు కాలిక్యులస్‌లో మనం చిన్నదని వదిలేసే రెండో పదం ఇక్కడ మిగిలిపోవడానికి కారణం ఇదే, ఆ కాలిక్యులస్ మూల సూత్రమైన ఇటో లెమ్మాలో అదనంగా కనిపించే, ముందు 1/2 ఉన్న ఆ పదం ఇక్కడిదే. ఇది అర్థమయ్యాకే నిరూపణ చదవండి. ఒక పేజీకి గంట పట్టినా కంగారు పడొద్దు, ఆ సబ్జెక్టు అంతే టైమ్ అడుగుతుంది.

బీటెక్ నుంచి వచ్చినవాళ్లు సెమిస్టర్ మొదలవకముందే రియల్ అనాలిసిస్‌లో లిమిట్లు, సిరీస్ వరకు నిరూపణలు రాయడం అలవాటు చేసుకోండి. బీకాం వాళ్లకి లీనియర్ ఆల్జీబ్రా, మల్టీవేరియబుల్ కాలిక్యులస్ కావాలి, మూడు నెలలు ముందుగా కూర్చోండి. బీఎస్సీ మ్యాథ్స్ స్టాట్స్ వాళ్లకి కోడింగ్ ఒక్కటే లోటు.

కోడింగ్‌కి మొదట పైథాన్ చాలు. సీ ప్లస్ ప్లస్ రెండో సెమిస్టర్‌లో చూసుకోవచ్చు. కానీ రాసిన ప్రతి ప్రోగ్రామ్‌కీ ముందే ఒక జవాబు అంచనా వేసి పెట్టుకోండి. షేరు 100, స్ట్రైక్ (కొనే హక్కున్న ధర) 100, వడ్డీ సున్నా, వోలటిలిటీ 20 శాతం, గడువు ఏడాది అయితే కాల్ ధర దాదాపు 8 రావాలి. మీ మాంటే కార్లో (యాదృచ్ఛిక దారులు చాలాసార్లు నడిపి సగటు తీసే సిమ్యులేషన్) 0.5 అంటే ఎక్కడో తప్పుంది, ఎక్కువ సార్లు చూసింది ఏడాది వోలటిలిటీని రోజుకి మార్చేటప్పుడు వర్గమూలం మర్చిపోవడం. అంచనాలో లోపం సగానికి తగ్గాలంటే సిమ్యులేషన్లు నాలుగు రెట్లు కావాలని కూడా గుర్తుంచుకోండి, ల్యాప్‌టాప్‌ని రాత్రంతా తిప్పే ముందు.

ఇక మార్కెట్. ఎన్ఎస్ఈ సైట్‌లో నిఫ్టీ ఆప్షన్ చైన్ (అన్ని స్ట్రైక్‌ల ధరల పట్టిక) ఉచితంగా దొరుకుతుంది, ఆ ఆప్షన్లు యూరోపియన్ తరహావి, అంటే గడువు రోజునే వాడుకునేవి, కాబట్టి బ్లాక్–షోల్స్‌తో నేరుగా పోల్చవచ్చు. ఒక మధ్యాహ్నం ధరలు దింపుకుని, ఒక్కో స్ట్రైక్‌కి ఇంప్లైడ్ వోలటిలిటీ (ఆ మార్కెట్ ధర రావాలంటే ఫార్ములాలో పెట్టాల్సిన వోలటిలిటీ) లెక్కగట్టి గీయండి. మోడల్ ప్రకారం అడ్డగీత రావాలి, వచ్చేది వంకర గీత. ఆ వంకర ఎందుకో అడగడంతోనే మీ మాస్టర్స్ నిజంగా మొదలవుతుంది. 2020 మార్చి 23న నిఫ్టీ ఒక్కరోజులో దాదాపు 13 శాతం పడింది. రోజుకి ఒక శాతం అటూ ఇటూ ఊగే నార్మల్ వక్రంలో అలాంటి రోజుకి చోటే లేదు. అరుదైన ఘటనల ప్రాబబిలిటీ ఎంత వేగంగా తగ్గుతుందో చెప్పే లార్జ్ డీవియేషన్స్ సిద్ధాంతానికి 2007లో ఆబెల్ బహుమతి అందుకున్న వరదన్ గారు చదివింది ఇక్కడే, మెరీనా ఎదుటి ప్రెసిడెన్సీ కాలేజీలో. ఆ బీచ్ రోడ్డు మీద వెళ్లినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తారు.

నేర్చుకునే ఉత్సాహంలో ఫీజు డబ్బుతో ఆప్షన్లు ట్రేడ్ చేయకండి, ఇది మాత్రం బతిమాలి చెబుతున్నాను. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల లెక్కలు చూసి సెబీ చెప్పిన మాట, ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్లలో) వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని.

చదవడానికి చోటు కావాలంటే కొట్టూర్‌పురంలో అన్నా సెంటినరీ లైబ్రరీ ఉంది, మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కి దగ్గరే. కానీ వారానికి ఒకసారైనా రూమ్‌లో బోర్డు ముందు నిలబడి, ఆ వారం చదివింది తెలుగులో చెప్పండి. మార్టింగేల్ అంటే "ఇవాళ్టి వరకు తెలిసిందంతా తెలిసినా, రేపటి సగటు అంచనా ఇవాళ్టి విలువే" అని చెప్పగలిగిన రోజు ఆ నిర్వచనం నాది అయింది. ఇంగ్లీషులో అప్పటికి రెండు నెలలుగా అప్పజెబుతూనే ఉన్నాను.

ప్రాజెక్టుకి పెద్ద పేరున్న అంశం వద్దు. నేను ఎంచుకున్నది 2020 ఏప్రిల్ 20. ఆరోజు అమెరికా ముడి చమురు ఫ్యూచర్స్ (ముందే ధర కుదుర్చుకునే కాంట్రాక్టులు) బ్యారెల్‌కి మైనస్ 37.63 డాలర్లకి ముగిశాయి, మన కమోడిటీ ఎక్స్‌చేంజ్ ఎంసీఎక్స్‌లో ఆ కాంట్రాక్టుని మైనస్ 2,884 రూపాయలకి సెటిల్ చేశారు. ధర సున్నా కిందికి పోదన్న బ్లాక్–షోల్స్ లాంటి మోడల్‌లో మైనస్ ధరకి లాగరిథమ్ తీయడానికే వీల్లేదు. అప్పుడు అమెరికాలోని సీఎంఈ ఎక్స్‌చేంజ్ మైనస్ ధరల్నీ ఒప్పుకునే 1900 నాటి బాషెలియె మోడల్ వైపు మళ్లింది. రెండు మోడల్స్‌తోనూ ఆ వారం ఆప్షన్ ధరలు లెక్కగట్టి పక్కపక్కన పెట్టాను, పదిహేను పేజీలు. ఇంటర్వ్యూలో ముప్పావుగంట దాని మీదే అడిగారు. మొదటి ప్రశ్న, నేను పరీక్షలో ఖాళీగా వదిలేసిందే.