కాళ్లతో నీళ్లు తాగే తొండ: ఇంట్లో చేసి చూపించడం ఎలా?

ఆస్ట్రేలియా ఎడారుల్లో ఒళ్లంతా ముళ్లున్న తొండ ఒకటుంది. పేరు థోర్నీ డెవిల్. మన హైదరాబాద్ ప్రహరీ గోడల మీద తల ఆడించే తొండకు చుట్టమే, ఇద్దరిదీ ఒకే కుటుంబం. నీటి గుంటలో కాళ్లు పెట్టి నిలబడితే చాలు, నీళ్లు దాని ఒంటి మీదుగా నోటిదాకా పాకుతాయి. చర్మం పీల్చుకోదు. పొలుసుల మధ్య ఉన్న సన్నటి కాలువలే నీటిని నోటి మూలలకు చేరుస్తాయి.

కావలసినవి: మైక్రోస్కోప్ గాజు స్లైడ్లు రెండు, అగ్గిపుల్ల, రబ్బరు బ్యాండ్లు, సాసర్, గ్లాసు, బీట్‌రూట్ రసం కలిపిన నీళ్లు, మందుల షాపు దూది, దీపం వత్తులకు వాడే పచ్చి దూది.

1. స్లైడ్లను గిన్నెల సబ్బుతో కడిగి ఆరబెట్టండి. అంచులే పట్టుకోండి. మొదటిసారి నేను పాప తలకు నూనె రాసిన చేత్తోనే పట్టుకున్నా. నీళ్లు పైకెక్కితే ఒట్టు!

2. స్లైడ్లను ఒకదానిమీద ఒకటి పెట్టి, ఒక చివర మాత్రం మధ్యలో అగ్గిపుల్ల ఇరికించి బ్యాండ్లు వేయండి. సాసర్‌లో కొద్దిగా ఎర్రనీళ్లు పోసి, పొడవాటి అంచు మీద నిలబెట్టండి. పుల్ల దగ్గర నీళ్లు కొంచెమే ఎక్కుతాయి. అంటుకున్న చివరికి వచ్చేసరికి పై అంచును తాకుతాయి. మధ్యలో జారుడుబల్లలాంటి ఎర్రటి వంపు. సందు సన్నబడేకొద్దీ నీరు పైకెక్కుతుందన్నమాట. తొండ కాలువల్లో జరిగేదీ ఇదే.

3. రెండు రకాల దూదితో వత్తులు చేసి నీళ్లలో ముంచండి. మందుల షాపు దూది వెంటనే ఎర్రబడుతుంది. పచ్చి దూది మొండికేస్తుంది, దానికి సహజంగా మైనం పూత ఉంటుంది మరి. సందులుంటే సరిపోదు, తడి అంటుకోవాలి. ఎడారి తొండ చర్మం తడిని ఇట్టే అంటించుకుంటుంది.

4. ఎర్రబడిన వత్తిని నిండు గ్లాసు అంచు మీదుగా వంచి, బయటి కొసను లోపలి నీటిమట్టం కంటే కిందకు వేలాడదీయండి. ఓపిక పడితే చుక్కలు రాలతాయి. కొస ఖాళీ అవుతుంటేనే వెనక నీళ్లు కదులుతాయి. తొండ అందుకే దవడలు ఆడిస్తూ గుటకలు వేస్తుంది.

గుంట దొరక్కపోతే? తడి ఇసుకలో నిలబడితే తాగేంత నీరు రాదు. అందుకని ఆ ఇసుకను వీపు మీదకు ఎగజిమ్ముకుంటుంది. టెక్సాస్ కొమ్ముల తొండదైతే ఇంకో ఎత్తు: వానలో కాళ్లు చాపి, వీపు ఎత్తి, తల వంచి నిలబడుతుంది.

ఇదంతా విన్నాక పిల్లలు గోడ మీది తొండను తడుపుతామని మగ్గు పట్టుకుని బయల్దేరతారు. ఆపండి.