పాము జాతి తేల్చేటప్పుడు డీఎన్‌ఏ మొరాయిస్తే

జెల్ మీద బ్యాండ్ రాలేదు

డీఎన్‌ఏను జెల్‌లో నడిపిస్తే గీతలా (బ్యాండ్) కనిపించాలి. కనబడకపోతే ముందు నమూనా సీసా చూడండి. ఫార్మలిన్‌లో నానిన పాము అయితే ఆ ద్రవం డీఎన్‌ఏను ప్రొటీన్లకు అతికించేసి ముక్కలు చేసి ఉంటుంది. కోనసీమ కొబ్బరితోటలో ఏరిన కుబుసానికీ ఎండా తేమా చేసేది ఇంచుమించు అదే. ఇలాంటి వాటితో వెయ్యి బేస్‌ల (డీఎన్‌ఏ అక్షరాల) ముక్క కోసం పట్టుబట్టకండి, 300 లోపు వచ్చే ప్రైమర్లు (నకలు తీయాల్సిన భాగం రెండు చివరలా అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) వేయండి. డీఎన్‌ఏ ఉన్నా పీసీఆర్ (ఎంజైముతో డీఎన్‌ఏ ముక్కకు లక్షల నకళ్లు తీసే పద్ధతి) నడవకపోతే, బురద నుంచి అంటిన హ్యూమిక్ ఆమ్లం ఎంజైమును అడ్డుకుంటోందేమో చూడాలి. డీఎన్‌ఏను పదింతలు పలుచన చేసి మళ్లీ పెట్టండి.

కొత్త నమూనా అయితే తోకచివర చిన్న ముక్క, దానికి పదింతలు 95 శాతం ఇథనాల్. మర్నాడు ఇథనాల్ మార్చాలి, ఎందుకంటే కండలోని నీరు దాన్ని పలచబరుస్తుంది. చాలామంది వదిలేసేది ఈ పనే. అటవీశాఖ అనుమతి మాత్రం వీటన్నిటికంటే ముందు.

బ్లాస్ట్ ‘కప్ప’ అంది

బ్లాస్ట్ అంటే మీ సీక్వెన్స్‌ను (డీఎన్‌ఏ అక్షరాల వరుసను) డేటాబేసులోని వాటితో పోల్చే ప్రోగ్రామ్. పాముకు అది కప్ప పేరు చూపితే, నమూనా కాలువగట్టు మీద బండి కింద నలిగిన నీటిపాము అయి ఉంటుంది. పగిలిన పొట్టలోని తిండి కండకు అంటింది. తోక వైపు, చర్మం ఒలిచి, లోపలి కండ తీయండి. కత్తెరను ప్రతి పాముకూ బ్లీచ్‌తో కడగండి.

సైటోక్రోమ్-బి మధ్యలో స్టాప్ కోడాన్

సైటోక్రోమ్-బి మైటోకాండ్రియా (కణంలో శక్తినిచ్చే, సొంత డీఎన్‌ఏ ఉన్న భాగం) జన్యువు. స్టాప్ కోడాన్ అంటే ప్రొటీన్ తయారీని ఆపేసే మూడక్షరాలు. మధ్యలో కనబడితే కంగారు వద్దు. సాఫ్ట్‌వేర్‌లో మామూలు జన్యు కోడ్ పెట్టారేమో చూడండి. వెన్నెముక జీవుల మైటోకాండ్రియాలో టీజీఏ ఆపదు, ట్రిప్టోఫాన్ అవుతుంది. రెండో నంబరు కోడ్ పట్టిక పెట్టాక కూడా స్టాప్ కనబడితే, లేదా క్రొమాటోగ్రామ్‌లో (సీక్వెన్సింగ్ యంత్రం ఇచ్చే గ్రాఫ్‌లో) ఒకే చోట జంట శిఖరాలు లేస్తుంటే, అది కేంద్రకంలోకి దూరిన మైటోకాండ్రియా నకలు కావచ్చు. ప్రైమర్లు మార్చి మళ్లీ చేయండి.

99 శాతం సరిపోలింది, పేరు మాత్రం తేడా

జీన్‌బ్యాంకులో (సీక్వెన్సులు దాచే డేటాబేసులో) పేరు రాసేది సీక్వెన్స్ పెట్టినవాళ్లు. పసిరిక పామే చూడండి. 2020 దాకా మన దాన్నీ శ్రీలంక దాన్నీ కలిపి అహేతుల్లా నసుటా అనేవారు. ఆ ఏడాది డీఎన్‌ఏ, పొలుసులు రెండూ చూసి నసుటా పేరును శ్రీలంకకే పరిమితం చేశారు. ద్వీపకల్ప భారతంలోని మైదానాల పాము అహేతుల్లా ఆక్సిరింకా అయింది. పాత ఎంట్రీల్లో పాత పేరే ఉండొచ్చు. పేరుకన్నా నమూనా ఎక్కడిదో, దాని మ్యూజియం నంబరేమిటో చూడండి.

మైటోకాండ్రియా చెట్టు ఒకటి, కేంద్రక జన్యువుల చెట్టు ఇంకొకటి

చెట్టు అంటే డీఎన్‌ఏ తేడాలతో గీసిన వంశవృక్షం. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది. ఎప్పుడో జరిగిన సంకరం గుర్తు అందులో మిగిలిపోవచ్చు. లేదా చీలిక కొత్తది కావడంతో పూర్వీకుల జన్యురూపాలు ఇంకా జాతులవారీగా విడిపోకపోయి ఉండొచ్చు. సీ-మోస్, రాగ్-1 లాంటి కేంద్రక జన్యువులు ఒకటి రెండు చాలవు, అవి నెమ్మదిగా మారతాయి. వందల కేంద్రక స్థానాలు చదివించండి.

చెట్టులో అంతరం పెద్దది, కొత్త జాతేనా?

నమూనాలు అమలాపురం నుంచి, పడమటి కనుమల నుంచి మాత్రమే తెస్తే మధ్య ఖాళీయే అంతరంలా కనిపిస్తుంది. ఇన్ని శాతం తేడా ఉంటే జాతి అనే గీత ఎక్కడా లేదు. పాపికొండలు, తెలంగాణ, మరాఠ్వాడా నుంచి కూడా తెచ్చి చూడండి. దూరంతోపాటు తేడా మెల్లగా పెరుగుతుంటే అది ఒకే జాతి కావచ్చు. ఒకేచోట పక్కపక్కన బతుకుతూ కూడా కలవకపోతేనే కొత్త జాతి అనుకుని పొలుసుల లెక్కకు కూర్చోండి.