నిమజ్జనం రద్దీకి వెళ్ళే ముందు ఇంట్లో తేల్చుకోవలసినవి

కర్నూలులో వినాయక నిమజ్జనం నాడు పాతబస్తీ వీధులు, కొండారెడ్డి బురుజు పరిసరాలు, రాజవిహార్ కూడలి, కేసీ కాలువ ఒడ్డున ఉన్న వినాయక ఘాట్ జనంతో నిండిపోతాయి. అంత జనంలోకి పిల్లలనూ పెద్దలనూ వెంటబెట్టుకొని వెళ్ళేవారు తొక్కిసలాట గురించి, కాలువ లోతు గురించి ఆలోచించినట్లే బాంబు పేలుడు గురించి కూడా ఒక పావుగంట కూర్చొని మాట్లాడుకోవాలని కోరుతున్నాను. పండుగ పూట ఈ అశుభపు మాటలెందుకని మా ఇంట్లో పెద్దవారు అంటూనే ఉంటారు. 2013 ఫిబ్రవరి 21న హైదరాబాదులోని దిల్‌సుఖ్‌నగర్‌లో చదువు కోసం గది అద్దెకు తీసుకొని ఉన్నవారిలో నేనూ ఒకడిని గనుక, ఆ మాట విన్నా ఊరుకోలేకపోతున్నాను.

ఆ సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల దగ్గర, సైకిళ్ళకు అమర్చిన రెండు బాంబులు కొద్ది నిమిషాల తేడాతో పేలాయి. పదిహేను మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు, వందమందికి పైగా గాయపడ్డారు. అటువంటి సమయంలో మనసు కొత్తగా ఏదీ నిర్ణయించుకోలేదని, ముందే అనుకొని ఉన్న పనిని మాత్రమే కాళ్ళూ చేతులూ చేయగలవని నాకు ఆనాడు అర్థమైంది. అందుకే ఈ జాగ్రత్తలన్నీ గడప దాటకముందే తేల్చుకోవలసినవి.

అన్నిటికంటే ముఖ్యమైనది రెండో పేలుడు. పెద్ద శబ్దం వినగానే ఏమైందో చూడడానికి అటువైపు పరుగెత్తడం మన ఊళ్ళలో సహజం. అది సాయపడాలనే మంచి ఉద్దేశంతోనే జరుగుతుంది. అయితే 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులోనూ గోకుల్ చాట్‌లోనూ ఒకే సాయంత్రం పేలుళ్ళు జరిగాయి, అదే రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో పాదచారుల వంతెన కింద పేలని బాంబు మరొకటి దొరికింది. ఒక బాంబు పేలిన చోట ఇంకొకటి ఉండవచ్చునన్న భయంతోనే నడుచుకోవాలి. పక్కనే పడి ఉన్నవారికి చేతనైన సాయం చేసి, వారిని కదిలించగలిగితే వెంట తీసుకొని దూరం జరగాలి. దూరాన ఉన్నవారు మాత్రం అటు వెళ్ళకుండా, అంబులెన్సుకు దారి వదలడమే గొప్ప సాయం. గాజు అద్దాల దుకాణాల ముందు, నిలిపి ఉన్న వాహనాల మధ్య నిలబడకూడదు. ఘాట్‌కు చేరగానే బయటికి పోయే దారులు రెండైనా పిల్లలకు చూపించి పెట్టండి.

ఆ రాత్రి ఫోన్లు కలవలేదు. కర్నూలులో మా నాయన నాకు ఎన్నిసార్లు చేసినా లైను దొరకలేదు. చివరికి నేను పంపిన చిన్న సందేశమే ముందు చేరింది. కాబట్టి జనంలో ఒకరినుంచి ఒకరు విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో ఊరేగింపు దారికి దూరంగా ఒక చోటు అనుకోండి, వేరే ఊళ్ళో ఉన్న బంధువు ఒకరికి అందరూ క్షేమ సమాచారం సందేశంగా పంపాలని చెప్పుకోండి. పిల్లల జేబులో పేరు, ఫోన్ నంబరు, రక్తపు గ్రూపు రాసిన కాగితం ఉంచండి. అవ్వాతాతల మందుల చీటీ నకలు కూడా ఒకటి తీసుకోండి.

ఎవరిదో తెలియని సంచి, టిఫిన్ డబ్బా, చాలాసేపటి నుంచి ఒకేచోట వదిలేసిన సైకిలు కనిపిస్తే ముట్టుకోకండి, కాలితో కదపకండి, నీళ్ళు పోయకండి. చుట్టుపక్కల వారిని నెమ్మదిగా దూరం పంపి, అక్కడి నుంచి పక్కకు వచ్చాక బందోబస్తులోని పోలీసులకు గానీ 112కు గానీ చెప్పండి.

రక్తస్రావం ఆపడం ప్రతి ఇంట్లో ఒకరికైనా తెలిసి ఉండాలి. గాయం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి, రెండు చేతులతో బలంగా, మధ్యలో తీసి చూడకుండా అదిమి ఉంచాలి. గుచ్చుకున్న ఇనుప ముక్కను పీకరాదు. దాని చుట్టూ అదమాలి. చేతికో కాలికో అయిన గాయం అదిమినా ఆగకుండా కారుతుంటే, గాయానికి పైన నాలుగు వేళ్ళ దూరంలో, కీలు మీద పడకుండా, వెడల్పాటి గుడ్డతో గట్టిగా బిగించి, కట్టిన సమయం రాసిపెట్టి, ఆసుపత్రి వరకు విప్పకూడదు. పేలుడు ఒత్తిడికి కర్ణభేరి చిరగవచ్చు, ఊపిరితిత్తులు దెబ్బతినవచ్చు. పైకి చిన్న గీత కూడా లేనివారిలో గంటల తర్వాత ఆయాసం మొదలుకావచ్చు. దగ్గరగా ఉన్న ప్రతి ఒక్కరూ 108 ద్వారానైనా, మరోలానైనా సర్వజన ఆసుపత్రికి వెళ్ళి చూపించుకోవాలి.

నాకు బాధ కలిగించే విషయం అనుమానం. మనం అనుమానించవలసినది వదిలేసిన వస్తువును, మనిషి గడ్డాన్నో టోపీనో కాదు. 2007 మే నెలలో మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకుపోయిన యువకులలో పలువురిని న్యాయస్థానాలు తర్వాత నిర్దోషులని వదిలేశాయి. వారు పోగొట్టుకున్న చదువులూ ఉద్యోగాలూ మాత్రం తిరిగి రాలేదు. దిల్‌సుఖ్‌నగర్ కేసులో ప్రత్యేక న్యాయస్థానం తీర్పు చెప్పడానికి 2016 డిసెంబరు వరకు పట్టింది. అంత విచారణ అవసరమైన విషయాన్ని వాట్సాప్‌లో ఒక్క నిమిషంలో తేల్చి, ఫలానా వాళ్ళ పనేనని పంపేవారి మాట నమ్మకండి, ముందుకు పంపకండి. హిందువులూ ముస్లింలూ గోడకు గోడ ఆనించి బతికే కర్నూలు పాతబస్తీలో అటువంటి సందేశం బాంబుకంటే తక్కువ హాని చేయదు. గాయపడినవారి ఫొటోలు, వీడియోలు తీయడం కూడా మానుకోండి. ఇంట్లో కన్నవారికి ఆ సంగతి తెలియవలసిన తీరు అది కాదు.

ఇటువంటి ఘటన చూసినవారు ఇంట్లో ఉంటే, డీజే మోతలోకి, టపాకాయల మధ్యకు వారిని బలవంతంగా పిలవకండి. ఉలికిపాటు, పీడకలలు, జనం ఉన్న చోటికి వెళ్ళడానికి భయం కొన్ని వారాలు ఉండడం సహజమే. నెల దాటినా తగ్గకపోతే 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ అయిన టెలీ మానస్ సలహాదారులు తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు. నేను చాలాకాలం సైకిలు పక్కన నిలబడలేకపోయాను. వైద్యుడితో మాట్లాడిన తర్వాతే అది తగ్గుముఖం పట్టింది.