స్లైడ్ వెనక్కి ఆగింది కదా అని తుపాకి ఖాళీ అనుకోకండి

థాంక్స్‌గివింగ్ సెలవులు దగ్గరపడ్డాయి. నలుగురు కలిస్తే "రేంజికి వెళ్దాం పద" అనే మాట వస్తుంది, రేంజి అంటే తుపాకి కాల్చడం సాధన చేసే చోటు. బ్లాక్ ఫ్రైడే బేరాల్లో పిస్టల్ కొన్నవాళ్లు డిసెంబరంతా దాన్ని స్నేహితులకు చూపిస్తూనే ఉంటారు. 2024లో సరిగ్గా ఈ నవంబరు నెలలోనే, అమెరికాలో చదువుకుంటున్న మన తెలుగు అబ్బాయి ఒకడు తుపాకి శుభ్రం చేస్తుండగా అది పేలి ప్రాణాలు పోగొట్టుకున్నాడు. కొడుకు పట్టా పుచ్చుకుంటాడని ఎదురుచూసే ఇంటికి శవపేటిక వెళ్లింది. ఏటా సెలవులు వస్తున్నాయంటే నాకు ఆ వార్తే గుర్తొస్తుంది, అందుకే ఇది రాస్తున్నాను.

కళ్లద్దాలు పెట్టుకోండి, చెవులు మూసుకోండి, గురి చూసేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకండి అన్నవి రేంజి గోడమీదే రాసి ఉంటాయి. వాటి జోలికి వెళ్లను. నేను పదేపదే చూసినది, మంచి మంచి వాళ్లు కూడా చేసేది ఒక్కటే తప్పు. పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ కదిలే భాగం స్లైడ్. అది ఎక్కడ ఆగిందో చూసి, తుపాకి ఖాళీయో కాదో తేల్చేసుకోవడం.

ముందు ఆ స్లైడ్ ఎందుకు ఆగుతుందో చూడండి. తూటాలు నింపి పిడిలోకి దోపే డబ్బాను మ్యాగజైన్ అంటారు. మ్యాగజైన్‌లో రౌండ్లను, అంటే తూటాలను, కిందనుంచి పైకి నెట్టే పలక ఒకటి ఉంటుంది, ఫాలోయర్ అంటారు. ఆఖరి రౌండ్ పైకి వెళ్లిపోయాక ఆ పలక, పిస్టల్ ఎడమవైపు ఉండే స్లైడ్ స్టాప్ అనే చిన్న మీటను లోపలినుంచి పైకి లేపుతుంది. ఆఖరి గుండు పేలి స్లైడ్ వెనక్కి వచ్చినప్పుడు ఆ మీట స్లైడ్‌లోని గాడిలో పడుతుంది. స్లైడ్ తెరుచుకుని ఆగిపోతుంది. మొత్తం వ్యవహారం నడిచేది మీ బొటనవేలి పక్కనే ఉన్న గోరంత ఇనుప ముక్క మీద. మ్యాగజైన్ స్ప్రింగు దాన్ని ఎంత బలంతో లేపుతుందో, అంతకంటే ఎక్కువ బలంతో మీ బొటనవేలు దాన్ని నొక్కగలదు. లేదా తనే పైకి లేపేయగలదు. ఈ రెండూ జరుగుతాయి. రెండూ ప్రమాదమే, రెండోది మరీను.

మొదటిది ఎక్కువ మందికి ఎదురయ్యేది. ఇప్పుడు రేంజిలో ఎవరు నేర్పినా రెండు బొటనవేళ్లూ ముందుకు చాచి, పిడిని వీలైనంత పైకి పట్టుకోమంటారు. మంచి పట్టే, తుపాకి ఎగరడం తగ్గుతుంది. కానీ సిగ్ పీ226 లాంటి పిస్టళ్లలో స్లైడ్ మీట బాగా వెనక్కి ఉంటుంది. కుడిచేతి బొటనవేలు అలా పెట్టగానే సరిగ్గా దాని నెత్తిన కూర్చుంటుంది. బెరెట్టా 92తోనూ చాలామందికి ఇదే ఇబ్బంది. గ్లాక్‌లో మీట సన్నగా, ఫ్రేముకు (పిడి ఉన్న కింది భాగానికి) అంటుకుని ఉంటుంది, అయినా పెద్ద చేతులున్నవాళ్లు దాన్నీ నొక్కేస్తారు. 2017లో వచ్చిన ఐదో తరం గ్లాక్‌కు మీట రెండువైపులా ఉంది కాబట్టి ఎడమచేతి వాటం వాళ్లకూ ఈ బాధ తప్పదు.

నొక్కితే ఏమవుతుంది? ఆఖరి గుండు పేలినా స్లైడ్ ఆగకుండా ముందుకు వచ్చేస్తుంది. మీరు ఇంకా రౌండ్లు ఉన్నాయనుకుని ట్రిగ్గర్ నొక్కుతారు, "టిక్" మంటుంది. అక్కడితో పోతే బాగానే ఉండేది. ఇది నాలుగుసార్లు జరిగాక మనిషికి ఒక అలవాటు పడుతుంది. "నా తుపాకి అంతే, ఖాళీ అయితే టిక్ మంటుంది" అని ఆ చప్పుడునే ఖాళీకి రుజువుగా పెట్టుకుంటాడు. ఏదో ఒకరోజు ప్రైమర్ (తూటా అడుగున నిప్పు పుట్టించే బిళ్ల) సరిగా పేలని రౌండ్ చాంబర్లోనే (గొట్టం మొదట్లో తూటా కూర్చునే గూడులోనే) ఉండి టిక్ మంటుంది. అతను "అయిపోయింది" అంటూ తుపాకి పక్కకు తిప్పి మనతో మాట్లాడతాడు. ఇంకొందరు స్లైడ్‌ను నమ్మడం మానేసి లెక్కపెట్టడం మొదలుపెడతారు. గ్లాక్ 19 మ్యాగజైన్‌లో పట్టేది 15. ఒకటి చాంబర్లోకి ఎక్కించి, మ్యాగజైన్ తీసి మళ్లీ నింపితే మొత్తం 16. పదిహేను లెక్కపెట్టి తుపాకి దించినవాడి చేతిలో ఇంకొకటి మిగిలే ఉంటుంది.

ఇక రెండోది. ఎడమచేతి బొటనవేలు మీట కింద ఆనిందనుకోండి. తుపాకి పేలి ఎగిరినప్పుడు ఆ వేలు మీటను పైకి కొడుతుంది. మ్యాగజైన్‌లో ఇంకా ఆరో ఏడో రౌండ్లు ఉండగానే స్లైడ్ తెరుచుకుని ఆగిపోతుంది. సీజెడ్ 75 లాంటి పొడవాటి మీట ఉన్నవాటితో ఇది తేలిగ్గా జరుగుతుంది. చలికి మందపాటి గ్లవ్స్ వేసుకుని బయటి రేంజిలో కాల్చేటప్పుడు అయితే ఏ తుపాకితోనైనా జరగొచ్చు, ఎందుకంటే వేలు ఎక్కడ ఆనిందో మీకు తెలియదు.

స్లైడ్ ఆగింది అంటే ఖాళీ అని నేర్చుకున్నవాడు ఆ క్షణంలో ఏం చేస్తాడో నా కళ్లతో చూశాను. కొత్తగా నేర్చుకుంటున్న ఒక తమ్ముడు స్లైడ్ తెరిచి ఉన్న పిస్టల్‌ను బల్లమీద పెట్టబోతూ, "అయిపోయాయి అన్నా" అన్నాడు.

"మ్యాగజైన్ తీసి చూడు."

"స్లైడ్ వెనక్కే ఉంది కదన్నా, ఇంకేం చూడాలి?"

"తీసి చూడరా."

తీశాడు. పైన ఇత్తడి రౌండ్ మెరుస్తూ కనిపించింది. దాని కింద ఇంకా ఉన్నాయి. అతను మ్యాగజైన్ తీయకుండా స్లైడ్ మీట నొక్కి ఉంటే, పై రౌండ్ నేరుగా చాంబర్లోకి వెళ్లేది. అతను తుపాకి మూసి ఖాళీ చేశాననుకునేవాడు, నిజానికి నింపుకునేవాడు.

ఇప్పుడు ఆ తుపాకి ఇంటికొచ్చిందనుకోండి, శుభ్రం చేయాలనుకోండి. గ్లాక్‌ను విప్పాలంటే స్లైడ్ ముందుకు వదిలి ట్రిగ్గర్ నొక్కాలి. నొక్కకుండా అది ఊడి రాదు, దాని నిర్మాణమే అంత. ఖాళీ తుపాకితో అది మామూలు పని. చాంబర్లో రౌండ్ ఉంటే అది కాల్పు, ఎదురుగా ఏముంటే దానికి తగులుతుంది. సిగ్ పీ320, పీ365 ట్రిగ్గర్ నొక్కకుండానే విప్పుకోవచ్చు. స్మిత్ అండ్ వెసన్ ఎం అండ్ పీకి కూడా ఆ ఏర్పాటు ఉంది. కానీ గ్లాక్‌తో నేర్చుకున్న చెయ్యి ఏ తుపాకి దొరికినా ముందు ట్రిగ్గరే నొక్కుతుంది. అందుకే మళ్లీ చెబుతున్నాను, స్లైడ్ ఆగడం ఖాళీకి రుజువు కాదు. ఆగకపోవడం నిండుకూ రుజువు కాదు. మీ బొటనవేలు ఆ రెండింటినీ అబద్ధం చేయగలదు.

మరి రుజువు ఏది? కళ్లతో చూసిన చాంబర్, వేలితో తడిమిన చాంబర్. వరస ఇదీ: గొట్టం సురక్షితమైన వైపు, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా. ముందు మ్యాగజైన్ బయటికి. ఆ తర్వాతే స్లైడ్ రెండు మూడుసార్లు గట్టిగా లాగి, మీటను మీరే పైకి తోసి స్లైడ్‌ను నిలపాలి. చాంబర్లోకి చూడండి, చిటికెనవేలు పెట్టి తడమండి, తల తిప్పి మళ్లీ చూడండి. తడమడం ఎందుకంటే రౌండ్‌ను బయటికి లాగే కొక్కెం విరిగితే, ఎన్నిసార్లు స్లైడ్ లాగినా అది లోపలే ఉండిపోతుంది. చీకటి చాంబర్లో కంటికి దొరకదు.

ఈ వరస తారుమారు చేస్తే చేసిన పనంతా వృథా. ముందు స్లైడ్ లాగి, ఒక రౌండ్ ఎగిరిపడటం చూసి తృప్తిపడి, ఆ తర్వాత మ్యాగజైన్ తీస్తే చాంబర్లో కొత్త రౌండ్ కూర్చుని ఉంటుంది. స్లైడ్ ముందుకొచ్చేటప్పుడు మ్యాగజైన్‌లోంచి ఇంకొకటి తీసుకొచ్చేసింది. గ్లాక్‌గానీ, సిగ్ పీ226గానీ మ్యాగజైన్ లేకపోయినా పేలుతుంది, ఇది చాలామందికి తెలియదు.

ఇండియాలో మన పోలీసులు ఎన్నో ఏళ్లుగా వాడుతున్న 9 ఎం.ఎం. 1ఏ పిస్టల్ కథ వేరు, అందులో ఉచ్చు కూడా వేరే. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారయ్యే ఈ పిస్టల్, బ్రౌనింగ్ హైపవర్ అనే పాత పిస్టల్ నమూనా. మ్యాగజైన్ పెట్టకపోతే ట్రిగ్గర్ పనిచేయదు. అందువల్ల ఖాళీ చేశాక హామర్ (తూటాను పేల్చడానికి వెనకనుంచి కొట్టే సుత్తి) దించడానికి మళ్లీ ఖాళీ మ్యాగజైన్ పెట్టాల్సి వస్తుంది. స్లైడ్ వెనక్కి ఆగి ఉండగా ఖాళీది బదులు చేతికందిన నిండుది పెట్టి స్లైడ్ వదిలితే, రౌండ్ చాంబర్లోకి ఎక్కుతుంది. ఆ వెంటనే ట్రిగ్గర్. ఊళ్లో మీ బంధువుల్లో ఎవరైనా గన్‌మన్‌గా చేస్తుంటే వాళ్లకిది చదివి వినిపించండి. నిండు మ్యాగజైన్ ఉన్న బల్ల దగ్గర హామర్ దించకూడదు.

బొటనవేలిని దారిలో పెట్టడం కష్టం కాదు. ముందు కారణం మీ వేలేనా అన్నది తేల్చుకోండి. ఖాళీ మ్యాగజైన్ పెట్టి చేత్తో స్లైడ్ లాగండి. ఆగితే మీట, మ్యాగజైన్ బాగున్నట్టే. ఆగకపోతే వేరే మ్యాగజైన్‌తో చూడండి, స్ప్రింగు బలహీనపడి ఉండొచ్చు. తర్వాత రేంజిలో మ్యాగజైన్‌లో ఒక్క రౌండే పెట్టి కాల్చండి. బొటనవేళ్లు ఫ్రేముకు దూరంగా ఎత్తి కాలిస్తే ఆగి, మీ మామూలు పట్టుతో కాలిస్తే ఆగకపోతే తప్పు మీ వేలిదే. రెండువిధాలా ఆగకపోతే మణికట్టు వదులుగా పెడుతున్నారేమో, మందుగుండు తక్కువున్న రౌండ్లేమో చూసుకోండి. ఫైరింగ్ లైన్ వెనకనుంచి ఎవరిచేతైనా ఫోన్లో వీడియో తీయించుకోండి. కాల్చేటప్పుడు మీ వేలు ఎక్కడుందో మీకు తెలుసనుకుంటారు, వీడియోలో ఇంకోచోట ఉంటుంది.

తేలాక, కుడిచేతి బొటనవేలిని ఫ్రేము మీద ఆనించకుండా ఎడమ బొటనవేలి మొదలు మీద, కండ ఉన్నచోట పెట్టండి. పిస్టల్ వైపు నొక్కకుండా కొంచెం బయటికి వాలనివ్వండి. ఎడమ బొటనవేలు మీట కింది గీతకు తగలకుండా ముందుకు వెళ్లాలి. మీటను తప్పించాలని పిడిని కిందికి పట్టుకోవద్దు, తుపాకి ఎగిరి అదుపు తప్పుతుంది. ఏం చేసినా బొటనవేలిని వెనకవైపు స్లైడ్ దారిలోకి తీసుకుపోవద్దు. సినిమాల్లో చూసి అలా అడ్డంగా పట్టుకున్నవాళ్ల చేతిని స్లైడ్ కోసేస్తుంది. కుట్లు పడతాయి.

ఇక మిగతావి.

టిక్ మంటే తుపాకి కదపకండి. గొట్టం గురివైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి, కొన్ని రౌండ్లు ఆలస్యంగా పేలతాయి.

ఆగిన తుపాకిని తిప్పి "ఏమైంది చూడు" అని పక్కవాడికి చూపించొద్దు. చెయ్యెత్తి రేంజి ఆఫీసర్‌ను పిలవండి.

ఖాళీ చేసేటప్పుడు, మ్యాగజైన్ తీయకుండా స్లైడ్‌ను మూయకండి.

ప్రాక్టికల్ షూటింగ్ పోటీల్లో ఆఫీసర్ "అన్‌లోడ్ అండ్ షో క్లియర్" అని చాంబర్ చూపించమని అడిగేది మీమీద అనుమానంతో కాదు. ఇంట్లో మీకు మీరే ఆ ఆఫీసర్.

శుభ్రం చేసే గదిలో ఒక్క రౌండ్ కూడా ఉండకూడదు. మ్యాగజైన్లు కూడా వేరే గదిలోనే.

పార్టీలో తుపాకి బయటికి తీయొద్దు. మందు తాగి ఉంటే పెట్టె తాళం కూడా తీయొద్దు.

ఎవరైనా "ఖాళీయే" అని చేతికిస్తే, ఇచ్చిన మనిషి ఎవరైనా సరే, మ్యాగజైన్ తీసి చాంబర్ మీరే చూడండి. మీరిచ్చేటప్పుడు స్లైడ్ తెరిచి, మ్యాగజైన్ తీసి, చూపించి ఇవ్వండి.

ఎఫ్-1, హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి పట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. అమెరికాలో చెల్లే వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఉంటే తప్ప రేంజిలో అద్దె తుపాకి కూడా ముట్టుకోకూడదు. కొత్తగా వచ్చిన తమ్ముణ్ణి, చెల్లెల్ని సరదాగా తీసుకెళ్లే ముందు వాళ్ల వీసా అడగండి.