మసక వెలుగులను వేరు చేయడం – 3వ పాఠం: ఒకదాన్ని చీకటి చేయండి

పోయిన పాఠంలో రెండు లేజర్ మినుకులు తీసుకున్నాం. ఏది వచ్చినా అందులో సగటున ఉండేది సగం ఫోటానే. తేడా దశలోనే ఉంది: ఒకదానికి మిట్ట ఉన్నచోట రెండోదానికి పల్లం. ఏది వచ్చిందో హోమోడైన్‌తో, అంటే మినుకును బలమైన లేజర్ వెలుగుతో కలిపి అల మిట్టో పల్లమో చూసే పద్ధతితో కొలిచి, నూటికి 7.9 సార్లు పొరబడ్డాం. ఈసారి 1973లో కెన్నెడీ అనే పరిశోధకుడు చెప్పిన ఉపాయం చూద్దాం.

ధవళేశ్వరం నుంచి దిగే ఏ కాలువ గట్టునైనా, గుర్రపుడెక్క లేని చోటు చూసుకుని, రెండు రాళ్లు కాస్త ఎడంగా వేయండి. అలలు కలిసేచోట మిట్ట పల్లంలో పడితే నీరు చదునవుతుంది. మిట్ట మీద మిట్ట పడితే ఎత్తు రెట్టింపవుతుంది. కెన్నెడీ చేసిందీ అదే. వచ్చిన మినుకుకు మనకు తెలిసిన లేజర్ వెలుగును కలుపుతాం. అది మొదటి రకమైతే పూర్తిగా చెరిగిపోతుంది. రెండో రకమైతే ఎత్తు రెట్టింపై, ఫోటాన్ల సగటు నాలుగింతలవుతుంది: సగం కాస్తా 2. ఇక్కడ రెండింతలే అనుకుని 1 వేసేవాళ్లు చాలామంది. మొదటిసారి నేనూ అలాగే వేశాను.

ఇక ఫోటాన్లను లెక్కించే డిటెక్టర్ పెట్టండి. ఒక్క టిక్కు వినబడినా వచ్చింది రెండో రకమే, సందేహం లేదు. చప్పుడు లేకపోతే మొదటిది అంటాం. చిక్కంతా ఈ నిశ్శబ్దంతోనే.

దింపు ఆలస్యమైన కొబ్బరితోటలో రాత్రికి సగటున రెండు కాయలు రాలతాయనుకోండి. ఒక రాత్రి నాలుగుసార్లు దబ్బుమంటుంది, మరో రాత్రి తెల్లవార్లూ ఏమీ వినబడదు. కాయకూ కాయకూ సంబంధం లేకపోతే, ఒక్కటీ రాలని రాత్రికి అవకాశం ఎంత? 1ని 2.718తో రెండుసార్లు భాగించండి: 0.135. ఫోటాన్లకూ ఇదే లెక్క. రెండు రకాలూ సమానంగా వస్తాయి కనుక అందులో సగం, అంటే నూటికి 6.8 తప్పులు.

ఇంతేనా అనిపిస్తుంది, నిజమే. హెల్‌స్ట్రామ్ అనే పరిశోధకుడు లెక్కగట్టిన హద్దు నూటికి 3.5. ఎంత మంచి పరికరమైనా దానికంటే కిందికి దిగలేదు, ఎందుకంటే ఆ రెండు స్థితులూ కొంత మేర ఒకదానిలో ఒకటి కలిసే ఉంటాయి. టిక్కు పడ్డప్పుడల్లా కలిపే వెలుగును మార్చుకుంటూ ఆ హద్దును అందుకునే దారిని డోలినార్ 1973లోనే చూపాడు.

ఈలోగా సగం ఫోటాన్ బదులు పావు ఫోటాన్ పెట్టి లెక్క చేయండి. 18.4 రావాలి. అదే మినుకుకు హోమోడైన్ తప్పులు 15.9 మాత్రమే. వచ్చే పాఠం అక్కడి నుంచి.