రిపోర్టు రాయడం రాయి దగ్గరే మొదలుపెట్టండి

ఫీల్డ్ జియాలజిస్టుగా తిరుగుతూనే రిపోర్టులు, మాన్యువళ్లు రాస్తూ వచ్చాను. ఈ దారిలోకి వచ్చేవాళ్లకు మొదట చెప్పేది ఒకటే: మంచి టెక్నికల్ రచనకు ముడిసరుకు మీ ఫీల్డ్ నోట్‌బుక్.

బయటపడ్డ రాతి దగ్గరికి వెళ్లగానే సుత్తి తీయకండి. కాస్త దూరంగా నిలబడి పొరలు ఎటు వాలాయో, ఎక్కడ తెగాయో చూడండి. ఆ రాయి అక్కడిదేనా, పైనుంచి దొర్లి వచ్చిన బండా అన్నది తేల్చుకోండి. దొర్లిన బండ మీద స్ట్రైక్ (పొర సాగే దిక్కు), డిప్ (పొర వాలిన కోణం) కొలిస్తే మ్యాపే పాడవుతుంది.

తర్వాత ఒక ముక్క పగలగొట్టి, తాజా ముఖాన్ని 10 రెట్ల లెన్సుతో చూడండి. ఎండకూ వానకూ రంగు మారిన పైభాగాన్ని నమ్మొద్దు. లెన్సు కంటికి దగ్గరగా ఉంచి, రాయినే దగ్గరికి తెచ్చుకోవాలి. పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క పడితే సున్నపురాయి వెంటనే నురగలు కక్కుతుంది. దాన్ని పోలిన డోలమైట్ రాయి అయితే పొడి చేస్తే గానీ సరిగా నురగ రాదు. అప్పుడు కూడా "సున్నపురాయి" అని ఒక్క మాట రాసి వదిలేయకండి. రంగు, రేణువుల సైజు, యాసిడ్‌తో ఏం జరిగిందీ రాయండి. పేరు రేపు మారవచ్చు, మీరు చూసింది మారదు.

అందుకే చూసింది ఒక పేజీలో, అనుకున్నది ఎదుటి పేజీలో రాయమంటాను. "ఇక్కడ ఫాల్ట్ ఉంది" (అంటే పగులు వెంట రాయి జరిగింది) అనేది అనుకున్నది. "పొర తెగి ఒకవైపు 2 మీటర్లు కిందికి ఉంది, మధ్యలో నలిగిన రాయి ఉంది" అనేది చూసింది. 1788లో స్కాట్లాండ్‌లోని సికార్ పాయింట్ దగ్గర జియాలజిస్టు జేమ్స్ హట్టన్ చూసింది, దాదాపు నిటారుగా నిలిచిన పొరల మీద కొద్దిగా వాలిన ఎర్ర ఇసుకరాయి. దాని నుంచి భూమి వయసు గురించి ఆయన ఎంతో దూరం ఆలోచించారు. ఆ ఆలోచనతో వాదించాలనుకున్నవాళ్లు కూడా వెళ్లి ఆ పొరలను చూసుకోగలిగారు. మన రాతలో కూడా ఆ వీలు ఉండాలి.

ఫొటో తీసినా బొమ్మ గీయండి. గీస్తేనే కన్ను నిజంగా చూస్తుంది. స్కేలు, ఉత్తర దిక్కు తప్పకుండా వేయండి. శాంపిల్ నంబరు రాయి మీద, సంచి మీద, నోట్‌బుక్‌లో ఒకేలా ఉండాలి.

ఆఫీసులో ముందు మ్యాపు, సెక్షన్లు (నేలను నిలువునా కోసినట్టు చూపే బొమ్మలు) పూర్తిచేయండి, తర్వాత వాటి కింది వివరణలు, ఆ తర్వాతే అధ్యాయాలు. సారాంశం మొదటి పేజీలో ఉంటుంది కానీ చివర రాయాలి. సొరంగం తవ్వే ఇంజనీరు చదివేది చాలాసార్లు అదొక్కటే. బలహీనమైన రాయి ఎక్కడ తగులుతుందో అందులోనే ఉండాలి.

పంపే ముందు, ఆ ప్రాంతం చూడని జియాలజిస్టుకు రిపోర్టు ఇచ్చి ఏదో ఒక శాంపిల్ ఎక్కడిదో మ్యాపు మీద చూపించమనండి. చూపించలేకపోతే మ్యాపు మళ్లీ గీయాల్సిందే.