బ్యారియర్ దాటిన వేవ్‌ప్యాకెట్ లెక్క కుదరడం లేదా? సమస్య - పరిష్కారం

నల్లగొండ, పాలమూరు వైపు ఎమ్మెస్సీ ఫిజిక్స్ పిల్లలు ప్రాజెక్టుకు క్వాంటం టన్నెలింగ్ (తన శక్తి కన్నా ఎత్తైన శక్తి గోడను, అంటే బ్యారియర్‌ను, కణం దాటడం) సిమ్యులేషన్ తీసుకుంటే ఎక్కువగా చిక్కుకునే చోట్లు ఇవి. కణాన్ని ఇందులో వేవ్‌ప్యాకెట్‌గా, అంటే అలల చిన్న మూటగా, పంపుతాం. ఉదాహరణలన్నీ 0.5 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న మామూలు ఎలక్ట్రాన్‌కే. దాని తరంగదైర్ఘ్యం సుమారు 1.73 నానోమీటర్లు, వేగం ఫెమ్టోసెకనుకు 0.42 నానోమీటర్లు. బ్యారియర్ తీసేసి ప్రోగ్రాం నడిపినప్పుడు ఈ వేగం రాకపోతే మిగతాదేదీ నమ్మకండి.

మొత్తం సంభావ్యత 1 దాటి పెరిగిపోతోంది

ఆయిలర్ పద్ధతి (ఇప్పటి విలువతోనే తర్వాతి అడుగు లెక్కించే తేలిక పద్ధతి) వాడి ఉంటారు. అందులో ప్రతి అడుగుకూ తరంగం కొద్దిగా పెద్దదవుతుంది. టైమ్ స్టెప్ ఎంత తగ్గించినా ఆ పెరుగుదల నెమ్మదిస్తుందే గానీ ఆగదు. 1947లో జాన్ క్రాంక్, ఫిలిస్ నికల్సన్ ఇచ్చిన పద్ధతికి మారండి. ఆ పద్ధతిలో మొత్తం 1 దగ్గరే నిలుస్తుంది.

ప్యాకెట్ నత్తనడక నడుస్తోంది

గ్రిడ్ (లెక్క చేసే బిందువుల వరస) ముతకగా ఉంది. బిందువుల మధ్య దూరం అర నానోమీటరు పెడితే వేగం 0.22కి, అంటే దాదాపు సగానికి పడిపోతుంది. 0.05 నానోమీటర్లు పెట్టండి.

బ్యారియర్ ముందు సన్నటి గీతలు వస్తున్నాయి

ఇది తప్పు కాదు. వచ్చే అల, వెనక్కి మళ్లిన అల కలిసినప్పుడు అలాగే కనిపిస్తుంది. అవే గీతలు ఆఖర్లో బ్యారియర్ అవతల కూడా మొదలైతే మాత్రం ప్యాకెట్ పెట్టె (లెక్క నడిచే మొత్తం ప్రాంతం) గోడకు తగిలి తిరిగొస్తోందన్నమాట. పెట్టె పెంచండి, లేదా అంచుల్లో శోషించే పొటెన్షియల్ పెట్టండి. అప్పుడు మొత్తం సంభావ్యత తగ్గుతుంది, దానికి టెన్షన్ పడొద్దు.

ఫార్ములా కన్నా ఎక్కువ దాటుతోంది

అసలు చిక్కు ఇక్కడే. మిర్యాలగూడ నుంచి వచ్చిన ఒక అమ్మాయి ల్యాప్‌టాప్ తిప్పి చూపిస్తూ, "సార్, పుస్తకం ఒకటి చెప్తున్నది, ప్రోగ్రాం ఇంకోటి చెప్తున్నది" అంది. బ్యారియర్ ఎత్తు 0.6 ఎలక్ట్రాన్ వోల్టులు, మందం 1.5 నానోమీటర్లు. ఫార్ములా ప్రకారం 1.7 శాతం దాటాలి. స్క్రీన్ మీద దాదాపు 4 శాతం ఉంది. కోడ్‌లో ఏ తప్పూ లేదు.

ఆమె పెట్టిన ప్యాకెట్ వెడల్పు, అంటే సంభావ్యత ప్రామాణిక విచలనం, 2 నానోమీటర్లు. అంత ఇరుకైన ప్యాకెట్‌లో శక్తి 0.5 దగ్గర నిలవదు, అటూ ఇటూ సుమారు 0.07 ప్రామాణిక విచలనంతో పరుచుకుంటుంది. దాదాపు 8 శాతం భాగానికి 0.6 కన్నా ఎక్కువ శక్తే ఉంది. ఆ భాగం చేసేది టన్నెలింగ్ కాదు, గోడ మీదుగా పోవడం. పుస్తకంలో ఫార్ములా ఒకే శక్తికి రాసింది. అందుకని ప్యాకెట్‌లో ఏ శక్తి ఎంత పాలు ఉందో చూసి, ఆ పాళ్లతో ఫార్ములా సగటు తీయండి. రెండు అంకెలూ కలుస్తాయి. గైడ్‌కు చూపించే గ్రాఫ్‌లో ఈ సగటు గీత తప్పకుండా ఉండాలి.

దాటిన ప్యాకెట్ మొదటి దానికన్నా వేగంగా పోతున్నట్టు కనిపించడానికీ ఇదే కారణం. బ్యారియర్ వేగమైన భాగాలనే ఎక్కువగా వదులుతుంది. శిఖరం ముందే బయటపడిందని "కాంతిని మించిన వేగం" అని రిపోర్టులో రాసేయకండి. మందం పెరిగినా ఆలస్యం పెరగకుండా ఆగిపోతుందని హార్ట్‌మన్ 1962లోనే లెక్కగట్టాడు. బయటికొచ్చిన శిఖరం లోపలికెళ్లిన శిఖరమే అనుకోవడానికి ఆధారం లేదు.

డబుల్ బ్యారియర్‌లో రెజొనెన్స్ దగ్గర కూడా 1 రావడం లేదు

డబుల్ బ్యారియర్ అంటే మధ్యలో బావిలాంటి ఖాళీ వదిలి పెట్టిన రెండు బ్యారియర్లు. భౌతిక శాస్త్రవేత్తలు సు, ఎసాకి 1973లో లెక్కించిన నిర్మాణం ఇలాంటిదే. రెండు బ్యారియర్లూ ఒకేలా ఉంటే రెజొనెన్స్ శక్తి (ఆ బావిలో అల కుదురుగా నిలిచే శక్తి) దగ్గర ప్రసారం, అంటే దాటే పాలు, 1 కావాలి. కానీ ఆ శిఖరం వెడల్పు 1 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టు అనుకుంటే, మన ప్యాకెట్ విస్తృతి దానికి 70 రెట్లు. ప్యాకెట్‌ను 200 నానోమీటర్లకు సాగదీసినా విస్తృతి 0.7 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉంటుంది, శిఖరంతో దాదాపు సమానం. అప్పుడూ 1 రాదు, పైగా పెట్టె వేల నానోమీటర్లు కావాలి.

నేనైతే సాగదీయను. ఇరుకు ప్యాకెట్‌నే పంపి, బ్యారియర్ అవతల ఒక బిందువు దగ్గర తరంగాన్ని కాలంతో పాటు నమోదు చేసి ఫోరియర్ రూపాంతరం (అలను శక్తుల వారీగా విడదీసే లెక్క) తీస్తాను. బ్యారియర్ లేకుండా నడిపినప్పుడు అదే బిందువు దగ్గర వచ్చిన దానితో భాగించి, పరిమాణాన్ని వర్గం చేస్తే ప్యాకెట్‌లో ఉన్న ప్రతి శక్తికీ ప్రసారం ఒకేసారి దొరుకుతుంది. షరతు ఒక్కటే: తొందరపడి ఆపకూడదు. 1 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టు శిఖరం ఉంటే బావిలో చిక్కిన భాగం సుమారు 660 ఫెమ్టోసెకన్ల ఆయుష్షుతో మెల్లగా కారుతుంది. దానికి కనీసం ఐదారు రెట్ల కాలం నడపండి. మధ్యలో ఆపితే శిఖరం పొట్టిగా, పక్కన దొంగ అలలతో వస్తుంది.